పాదం కింద పెట్టేటప్పుడు

మూడేళ్ల కిందట ఒక ఫిబ్రవరి పొద్దున మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టగానే మడమలో మేకు దిగినట్టయింది. గోడ పట్టుకుని నిలబడిపోయాను. పది అడుగులు వేసేసరికి కాస్త తగ్గింది, కాఫీ తాగే వేళకి దాదాపు మర్చిపోయాను, కానీ మర్నాడు మళ్లీ అదే మేకు, అదే చోట. వారం రోజులు చూసి డాక్టరు దగ్గరికి వెళ్తే ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ లాంటిది ఒకటి ఉంటుందట, పాదం వంపుని నిలబెట్టేది అదేనట. అతిగా పరిగెత్తితే మడమ దగ్గర అది దెబ్బ తింటుంది. రాత్రంతా నిద్రలో ముడుచుకుని ఉండి పొద్దున్నే ఒక్కసారిగా సాగుతుంది కాబట్టి మొదటి అడుగే అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెడుతుంది.

"మూడు నెలలు పరుగు మానేయండి. నొప్పి రానంత మేర నెమ్మదిగా నడవండి, చాలు" అన్నారు.

అప్పటికి నాలుగేళ్లుగా విశాఖ బీచ్ రోడ్డు మీద పరిగెడుతున్నాను. పొద్దున పూట అక్కడ కాసేపు వాహనాలు ఆపేస్తారు కాబట్టి ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు. నేవీ మారథాన్‌లో 10 కిలోమీటర్లు గంటలోపు పూర్తి చెయ్యాలని పట్టుదల. చేతికి వాచీ, చెవిలో ఇయర్‌ఫోన్స్, కిలోమీటరుకోసారి ఎంత సమయం పట్టిందో ఫోను చెవిలో చెప్పేది. పరుగు లేని రోజుల్లో 10,000 అడుగులు పూర్తి కాకపోతే రాత్రి హాల్లో అటూ ఇటూ తిరిగి పూర్తి చేసేదాన్ని. ఆ పదివేల లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన 'మాన్‌పో-కెయ్' అనే అడుగులు లెక్కపెట్టే యంత్రం పేరు నుంచి వచ్చిందని, ఆ పేరుకి అర్థమే 'పదివేల అడుగుల మీటరు' అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అంకెలు వద్దనడం లేదు, నాకు మంచం దిగే క్రమశిక్షణ అవే ఇచ్చాయి. కానీ నాలుగేళ్లు రోజూ పక్కనే పరిగెత్తిన సముద్రం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదు.

నడక మొదలుపెట్టిన మొదటి వారం ఏడుపొచ్చేది. తెలిసిన మొహాలు పక్క నుంచి పరిగెత్తుకుంటూ వెళ్లిపోతుంటే, చెయ్యి ఊపి నవ్వి, లోపల కుమిలిపోయేదాన్ని. తర్వాత జ్వరం వచ్చి నాలుగు రోజులు వెళ్లలేదు. ఐదో రోజు వెళ్తే కాళీమాత గుడి ఇవతల ఫుట్‌పాత్ ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపి, "ఏటమ్మా, నాల్రోజుల్నుంచి అగుపడ్నేదు. ఒంట్లో బావునేదా?" అంది.

నాకు ఆవిడెవరో తెలీదు. ఆవిడకి నేను తెలుసు. నాలుగేళ్లుగా రోజూ చూస్తోందట. "నీలం బూట్లు యేసుకుని గబగబా ఎల్లిపోయేవోరు కదా, ఇప్పుడేటి నడుస్తన్నారు?" అని కూడా అడిగింది. మడమ నొప్పి అని చెప్పాను. వేడి ఇసకతో కాపడం పెట్టుకోమంది. నేను ఆ రోజు ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు ఆవిడ మాటల దగ్గరే ఉండిపోయాను. ఆవిడ ఊడ్చిన నేల మీదే నాలుగేళ్లు పరిగెత్తాను. రాత్రి గాలికి సముద్రం వైపు నుంచి ఇసక కొట్టుకొచ్చి ఫుట్‌పాత్ మీద పొరలా పరుచుకుంటుంది, దాని మీద పరిగెడితే జారుతుంది. నేను ఎప్పుడూ జారలేదు. ఎందుకు జారలేదో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

మర్నాడు ఆగి చూశాను. ఊడవడం అంటే ఏముంది అనుకుంటాం గానీ, ఆవిడ ముందు గాలి ఎటు ఉందో చూసుకుంటుంది, దానికి వీపు పెట్టి మొదలుపెడుతుంది. "గాలికెదురు ఊడిస్తే ఊడిసిందంతా మొకం మీదే పడతాది." ఈనెల చీపురు మొదలుని ఎడమ అరచేతిలో రెండుసార్లు కొట్టి ఈనెలన్నీ సమానం చేసుకుంటుంది. పొడవుగా లాగదు, చిన్న చిన్నగా, అర్ధచంద్రాకారంలో లాగుతుంది, ఇసక ఎగరకుండా కదిలి పక్కకి చేరుతుంది. నాలుగు బారలకి ఒక పోగు. ఆ పోగుల్ని ఇంకొకావిడ పారతో ఎత్తి బండిలో వేస్తుంది. ఇదంతా సూర్యుడు రాకముందే అయిపోవాలి, ఎందుకంటే తర్వాత మేం వస్తాం.

అప్పటికి నేను కృతజ్ఞత గురించి చదవనిదాన్ని కాదు. పడుకునే ముందు రోజూ మూడు విషయాలు రాసుకునే నోటుబుక్కు ఒకటి ఉండేది. దాని మీద మంచి పరిశోధనలే ఉన్నాయి. అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికోసారి చొప్పున పది వారాలు తమకు కలిగిన మేళ్లు రాసుకున్న విద్యార్థులు, చికాకులు రాసుకున్నవాళ్ల కంటే జీవితం పట్ల తృప్తిగా ఉన్నారు, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. అది చదివే నేనూ మొదలుపెట్టాను. కానీ నెల తిరిగేసరికి నా నోటుబుక్కులో రోజూ అవే మూడు మాటలు: ఇల్లు, పిల్లలు, ఆరోగ్యం. నోటుబుక్కు తప్పు కాదు. పగలంతా దేన్నీ చూడకుండా గడిపితే రాత్రి రాయడానికి ఏం ఉంటుంది? ఆ ఊడ్చే ఆవిడ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నా నోటుబుక్కులోకి రాలేదు.

'కృతజ్ఞత' అనే మాటని మనం థాంక్స్‌కి తెలుగు అనుకుంటాం గానీ దాని లోపల థాంక్స్ లేదు. కృతం అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. చేసినది తెలిసి ఉండడం, అంతే. ఎవరు ఏం చేస్తే మనకి ఈ పొద్దు ఇలా ఉందో ఎరుక ఉండడం. మైండ్‌ఫుల్‌నెస్ అనే మాటకి తెలుగులో ఏమంటారని ఎవరో అడిగితే నాకు తట్టేదీ ఈ ఎరుకే. రెండిటినీ రెండు వేర్వేరు సాధనల్లాగా, ఉదయం ఒకటి రాత్రి ఒకటి అన్నట్టు చేస్తూ వచ్చాను, నాకు అవి ఒకటే అని నెమ్మదిగా నడిస్తే గానీ తెలీలేదు.

ఫిజియోథెరపిస్టు ఇంకో సంగతి చెప్పారు. పొద్దున్నే మంచం దిగకముందే చున్నీ ఒకటి పాదం ముందుభాగానికి చుట్టి అర నిమిషం వెనక్కి లాగి పట్టుకోమన్నారు, పట్టీ కాస్త సాగాక అప్పుడు నేల మీద కాలు పెట్టమన్నారు. అలా మంచం అంచున కూర్చుని లాగుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చేది. చోడవరం దగ్గర పల్లెలో, నులక మంచం మీద లేచి కూర్చుని, అరచేతులు చూసుకుని, కిందికి వంగి నేలని వేళ్లతో తాకి కళ్లకద్దుకుని ఆ తర్వాతే కాలు కింద పెట్టేది. పెదాలు మాత్రం కదిలేవి. ఆ శ్లోకం నాకు నోటికొచ్చు, అర్థం పట్టించుకున్నది మాత్రం ఈ మడమ నొప్పి వచ్చాకే.

సముద్రవసనే దేవి పర్వతస్తనమండలే
విష్ణుపత్ని నమస్తుభ్యం పాదస్పర్శం క్షమస్వ మే

సముద్రాన్ని బట్టగా కట్టుకున్న తల్లీ, కొండలే స్తనాలుగా ఉన్నదానా, నిన్ను కాలితో తాకుతున్నాను, మన్నించు. విశాఖలో ఉండేవాళ్లకి ఇది శ్లోకంలా కాదు, ఊరి చిత్రపటంలా అనిపిస్తుంది. ఒక వైపు సముద్రం, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరాన కైలాసగిరి కొండ. ఆ మధ్యలో మన కాలు. అమ్మమ్మ ఏ ధ్యానం క్లాసుకీ వెళ్లలేదు. కానీ రోజు మొదటి అడుగు తెలియకుండా వెయ్యకూడదని, ఆ అడుగుని మోసేది ఒకటి కింద ఉందని ఆవిడకి తెలుసు.

నా నడక సబ్‌మెరైన్ దగ్గర మొదలవుతుంది. ఐఎన్‌ఎస్ కురుసుర. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా ఒడ్డుకి చేరిన పడవ. లోపలికి వెళ్లినవాళ్లకి తెలుసు, ఎంత ఇరుకో. ఆ ఉక్కు గొట్టంలో రోజుల తరబడి, ఉన్న గాలినే పీలుస్తూ ఉన్న మనుషులకి పైకి తేలి మూత తీసినప్పుడు ఎలా ఉండేదో అనుకుంటూ మొదటి ఊపిరి తీసుకుంటాను. నాలుగు అడుగులకి లోపలికి, ఐదారు అడుగులకి బయటికి. లెక్క తప్పుతుంది, ఫర్వాలేదు, మళ్లీ ఒకటి నుంచి. మడమ ఆనడం, అరికాలు పరుచుకోవడం, చివర్న బొటనవేలు నేలని నెట్టడం, ఈ మూడూ తెలిసేలా నడిస్తే వేగం దానంతటదే తగ్గుతుంది. ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి. నొప్పి పుట్టే దాకా నాకు మొత్తం పాదం ఒకటే ముక్క.

మనసు ఎటూ పోకుండా ఉండదు. గుడి దాటేసరికి ఆఫీసు వచ్చేస్తుంది. పోయినేడు ఒక పై అధికారి అందరి ముందూ, నాది కాని తప్పుకి నన్ను నిలదీశారు. ఆ వారమంతా నేను బీచ్‌లో ఆయనతోనే నడిచాను, ఇలా అని ఉండాల్సింది, అలా అని ఉండాల్సింది అని. ఒకరోజు రెండు దీపస్తంభాల మధ్య ఎక్కడో నా దవడ రాయిలా బిగుసుకుని ఉందని తెలిసింది. వదిలాను. పదడుగుల్లో మళ్లీ బిగుసుకుంది, మళ్లీ వదిలాను. ఆయనకి కృతజ్ఞతలు చెప్పుకున్నానా అంటే లేదు, చెప్పుకోవాల్సిన అవసరమూ కనిపించలేదు. 'నిన్ను బాధపెట్టినవాళ్లకి కూడా ధన్యవాదాలు చెప్పు, వాళ్లు నీకు పాఠం నేర్పారు' అనే మాటలు నాకు నచ్చవు. అన్యాయం జరిగితే జరిగిందనే తెలిసి ఉండాలి. దవడ వదిలాక అలల చప్పుడు వినిపించింది, ఆ రోజుకి అదే ఎక్కువ.

జాలరిపేట వైపు వెళ్లిన రోజుల్లో అలివి వల లాగడం కనిపిస్తే ఆగిపోతాను. పడవ వల వేసుకుంటూ అర్ధచంద్రంలా తిరిగి వచ్చి రెండు తాళ్లనీ ఒడ్డుకి, దూరం దూరంగా చేరుస్తుంది. ఒక్కో తాడుకి పదీ పదిహేను మంది. సముద్రం వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ లాగుతారు. అందరికంటే వెనకున్న మనిషి తాడు వదిలేసి నీళ్ల అంచుకి వెళ్లి మళ్లీ ముందు పట్టుకుంటాడు, అలా ఒకరి తర్వాత ఒకరు. లాగే కొద్దీ రెండు గుంపులూ దగ్గరవుతాయి. నేను మడమల వైపే చూస్తాను. ఆ బరువంతా మడమల మీదే. ఇసకలో మడమ గుచ్చుకుని గుంట పడుతుంది, అల వచ్చి పూడుస్తుంది, అదే చోట ఇంకో మడమ. చాలాసేపు లాగాక, ఒకరోజు, వలలో వచ్చింది రెండు బుట్టలకి మించలేదు. అక్కడే నెత్తళ్లు కొనుక్కుని వెళ్లి వేపుడు చేశాను. మధ్యాహ్నం తింటుంటే మా వారు "ఏంటి, అంత నెమ్మదిగా తింటున్నావ్?" అన్నారు. నాకు ఆ గుంటలు కళ్లముందే ఉన్నాయి.

చలికాలం వెళ్లే రోజుల్లో అయితే ఇంకోటి చూడొచ్చు. నీళ్లలోంచి పైకి వచ్చి తిరిగి నీళ్లలోకి వెళ్లిన చిన్న ట్రాక్టరు చక్రం గుర్తులాంటి జాడ. ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిందన్నమాట, ఒక్కో గూటిలో వంద దాకా ఉంటాయి. కుక్కలు తవ్వకముందే వాటిని తీసి కంచె వేసిన చోట మళ్లీ ఇసకలో పాతిపెట్టడానికి రాత్రంతా తీరం వెంట టార్చి పట్టుకుని నడిచేవాళ్లు ఉంటారు. నడక అంటే వాళ్లది.

నొప్పి తగ్గుముఖం పట్టాక ఒక ఆదివారం తొట్లకొండ వెళ్లాను, భీమిలి దారిలో. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు, వానాకాలపు నీళ్లు నిలవ ఉండడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, పేరు వాటి నుంచే. చాలామంది అక్కడ ఫొటోలు దిగి వచ్చేస్తారు, నేనూ అంతకుముందు రెండుసార్లు అదే చేశాను. ఈసారి స్తూపం చుట్టూ నెమ్మదిగా నడిచాను. సతిపట్ఠాన సుత్తంలో బుద్ధుడు చెప్పిన మాట చాలా చిన్నది: భిక్షువు నడుస్తున్నప్పుడు 'నడుస్తున్నాను' అని తెలిసి నడుస్తాడు. ఇంకోచోట ఈ నడకకి, అంటే చంక్రమణానికి, ఐదు లాభాలు చెప్పాడు. దూరప్రయాణాలకి తట్టుకుంటారు, సాధనకి ఓపిక వస్తుంది, జబ్బులు తక్కువ, తిన్నది బాగా అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత ఎక్కువకాలం నిలుస్తుంది. ఇందులో తిన్నది అరగడం కూడా ఉండడం నాకు ఎంతో నచ్చింది, ధ్యానాన్ని పొట్ట నుంచి వేరు చెయ్యలేదు.

బోధగయలో ఇంకో కథ చెబుతారు. జ్ఞానోదయం అయ్యాక బుద్ధుడు ఒక వారం రెప్ప వెయ్యకుండా ఆ రావి చెట్టునే చూస్తూ నిలబడ్డాడట, నీడనిచ్చినందుకు కృతజ్ఞతగా. ఆ తర్వాతి వారమంతా అటూ ఇటూ నడిచాడట. గుడి పక్కన ఆ అడుగులకి గుర్తుగా రాతి పద్మాలు ఉన్నాయి. ముందు చెట్టుని చూడడం, తర్వాత నడక. నాకు ఈ వరుస మనసులో నిలిచిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు మా వీధిలో చెట్టన్నది నిలబడలేదు, అన్నీ వేళ్లతో సహా పడున్నాయి. అంతకుముందు వాటి కింద నుంచి ఎన్నేళ్లు నడిచానో. ఏ చెట్టు ఎక్కడుండేదో, ఏ పూలు పూసేదో పిల్లలకి చెబుదామంటే గుర్తు రాలేదు. ఇప్పుడున్నవి ఆ తర్వాత ఎవరో నాటి, నీళ్లు పోసి పెంచినవి. వాటి పేర్లు ఇప్పుడు నాకు తెలుసు. మా సందు చివర కానుగ, దాని పక్కన వేప, మలుపులో బాదం.

నాలుగో నెల నుంచి మళ్లీ పరుగు మొదలుపెట్టాను, వారానికి మూడు రోజులే. ఇయర్‌ఫోన్స్ లేవు. వాచీ ఉంటుంది గానీ పూర్తయ్యాకే చూస్తాను. పరుగులో అన్నీ గమనించడం కుదరదు, ఊపిరి సగం మనసుని తీసుకుపోతుంది, అందుకని ఒక్కో దీపస్తంభానికి ఒక్క మనిషిని తలుచుకుంటాను. బూటు లేసు ముడి నేర్పిన నాన్న. నేను వచ్చేటప్పటికి నిద్ర లేచి పిల్లలకి పాలు కాచే మా అత్తగారు. రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు లాగే కానిస్టేబులు. సబ్‌మెరైన్ ఎదురుగా రాగిజావ అమ్మే అబ్బాయి, వాడు ఏ వేళకి లేచి పిండి కలుపుతాడో. కొన్ని రోజులు నాలుగో స్తంభానికే ఎవరూ తట్టరు. అప్పుడు ఊరికే పరిగెడతాను. బలవంతంగా తలుచుకుంటే అది మళ్లీ నోటుబుక్కే అవుతుంది.

పోయిన నెల ఊడ్చే ఆవిడ పది రోజులు కనిపించలేదు. మూడో రోజే నాకు తెలిసింది, ఐదో రోజు పార పట్టుకునే ఆవిణ్ణి అడిగాను. కూతురి పురుడుకి వెళ్లిందట. ఆ పది రోజులూ గుడి దగ్గర ఇసక మీద కాలు జారుతున్నట్టే ఉండేది, ఊడ్చేవాళ్లు వేరే ఉన్నా సరే. పదకొండో రోజు దూరం నుంచే చీపురు చప్పుడు వినిపించింది, ఆ పొట్టి పొట్టి లాగుడు ఆవిడదే.

"ఏటమ్మా, అగుపడ్లేదు పది రోజుల్నుంచీ" అన్నాను, ఆవిడ యాసలోనే.

ఆవిడ నడుం పట్టుకుని నవ్వింది. "మా అమ్మికి పాప పుట్టింది. రెండున్నర కిలోలు." ఫోను తీసి కొంగుతో తుడిచి చూపించింది. ఎర్రటి పాదాలు రెండూ దుప్పట్లోంచి బయటికి పెట్టుకుని నిద్రపోతోంది పాప. చాలాసేపు చూశాం ఇద్దరం. తర్వాత ఆవిడ చీపురు మొదలు అరచేతిలో కొట్టుకుంటూ, "ఇయ్యాల నడకా, పరుగా?" అంది.

"నడకే" అన్నాను, ఆవిడ పోగు తొక్కకుండా పక్క నుంచి దాటుకుంటూ.